లినక్స్ కెర్నెల్ ఆడిట్ లాగ్: ఒక్క ఘటన కూడా జారిపోకుండా అమర్చుకునే పద్ధతి

వరంగల్, హనుమకొండ, కరీంనగర్‌లలో ఇప్పుడు ఎటు చూసినా లినక్స్ సర్వర్లే. కాలేజీ ల్యాబ్‌లో పిల్లలందరూ లాగిన్ అయ్యే మెషీన్ ఒకటి, ఏనుమాముల మార్కెట్ చుట్టుపక్కల అడ్తి దుకాణాల లెక్కలు చూసే చిన్న సర్వర్ ఇంకొకటి, మడికొండ ఐటీ పార్కులో చిన్న కంపెనీ నడిపేది మరొకటి. చాలావాటిలో ఆడిట్ డీమన్ (ఎవరేం చేశారో లినక్స్ గుండెకాయ లాంటి కెర్నెల్ చెప్పినదాన్ని లాగ్‌లో రాసే ఆడిట్‌డి అనే నేపథ్య ప్రోగ్రామ్) పేరుకు నడుస్తూనే ఉంటుంది. కానీ ఒక ఫైల్ మారిపోయి, మార్చిందెవరని అడిగితే లాగ్‌లో జవాబు దొరకదు. కారణం సాధారణంగా ఈ మూడింట్లో ఒకటి. ఆ పనిని పట్టే రూల్ లేదు. రూల్ ఉన్నా, రికార్డులు రాతకు ఎదురుచూసే క్యూ నిండి రికార్డు జారిపోయింది. రికార్డు డిస్క్ మీదికి వచ్చినా రొటేషన్‌లో (కొత్త లాగ్‌కు చోటు చేయడానికి పాత ఫైల్‌ను కొట్టేయడం) తుడిచిపెట్టుకుపోయింది. రూల్స్ ఎన్ని రాశామన్న దానికంటే ఈ మూడు చోట్లా లీకు లేకుండా చూడటమే ముఖ్యం. అందుకే కింది అడుగుల్లో రూల్స్ కంటే ముందు పునాది పని వస్తుంది.

ఆదేశాలను, ఫైల్ పేర్లను పలికే తీరులోనే తెలుగులో ఇచ్చాం. టెర్మినల్‌లో ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టాలి. రూల్స్‌లో ఫీల్డ్‌కు ముందుండే -ఎఫ్, సిస్‌కాల్ (ప్రోగ్రామ్ కెర్నెల్‌ను పని అడిగే పిలుపు) పేరుకు ముందుండే -ఎస్ పెద్దక్షరాలు. మిగతా చోట పెద్దక్షరం కావలసి వస్తే అక్కడే చెప్పాం.

ముందు ఇప్పుడున్న స్థితి చూడండి

ఉబుంటు, డెబియన్‌లలో ఆడిట్‌డి అనే ప్యాకేజీ వేసుకోవాలి. రెడ్ హ్యాట్, రాకీ, ఆల్మా వాటిలో ప్యాకేజీ పేరు ఆడిట్, మామూలుగా ముందే ఉంటుంది. బూట్ డైరెక్టరీలో మీ కెర్నెల్ వెర్షన్ పేరుతో ఉన్న కాన్ఫిగ్ ఫైల్ తెరిచి కాన్ఫిగ్_ఆడిట్, కాన్ఫిగ్_ఆడిట్‌సిస్‌కాల్ రెండింటికీ వై అని ఉందో లేదో చూడండి. డిస్ట్రో ఇచ్చిన కెర్నెల్ అయితే ఉంటుంది. సొంతంగా కంపైల్ చేసుకున్న కెర్నెల్‌లో రెండోది లేకపోతే సిస్‌కాల్ రూల్స్ ఏవీ పనిచేయవు.

తర్వాత రూట్‌గా ఆడిట్‌సీటీఎల్ -ఎస్ కొట్టండి (ఇక్కడ ఎస్ చిన్నక్షరం). వచ్చే వరసల్లో ఇవి చూడాలి:

ఎనేబుల్డ్: 0 అంటే ఆగి ఉంది, 1 అంటే నడుస్తోంది, 2 అంటే నడుస్తూ తాళం పడి ఉంది.
పీఐడీ: 0 ఉంటే ఆడిట్‌డి కెర్నెల్‌కు తగులుకోలేదు.
బ్యాక్‌లాగ్_లిమిట్: క్యూలో పట్టే రికార్డులు. కెర్నెల్ సొంత డిఫాల్ట్ 64. ఏ సర్వర్‌కూ అది చాలదు.
లాస్ట్: ఇప్పటిదాకా లాగ్‌కు చేరకుండా పోయిన రికార్డులు. ఇది 0 కాకపోతే మీ లాగ్‌లో ఖాళీలున్నట్టే.

ఆడిట్‌సీటీఎల్ -ఎల్ కొడితే ఇప్పుడు అమల్లో ఉన్న రూల్స్ కనిపిస్తాయి. అందులో -ఎ నెవర్,టాస్క్ అనే వరస ఉంటే మొదట దాన్నే తీసేయాలి. ఫెడోరా వంటి వాటిలో వేగం కోసం దీన్ని డిఫాల్ట్‌గా పెట్టారు. ఇది ఉన్నంతవరకు కొత్తగా పుట్టే ఏ ప్రాసెస్‌కూ ఆడిట్ సందర్భం (దాని సిస్‌కాల్ వివరాలను కెర్నెల్ పట్టి ఉంచే చోటు) ఏర్పడదు. కింద ఎన్ని సిస్‌కాల్ రూల్స్ రాసినా లాగ్ ఖాళీగానే ఉంటుంది. "రూల్ ఎక్కింది, లిస్టులో కనిపిస్తోంది, ఘటన మాత్రం రావడం లేదు" అనే ఫిర్యాదుకు మూలం చాలాసార్లు ఈ ఒక్క వరసే. తీసేశాక రీబూట్ చేయండి, ఎందుకంటే అప్పటికే నడుస్తున్న ప్రాసెస్‌లకు ఆ సందర్భం వెనక్కి రాదు.

రికార్డు నడిచే దారి

ప్రాసెస్ సిస్‌కాల్ పిలిచి తిరిగి బయటికి వచ్చేటప్పుడు కెర్నెల్ ఎగ్జిట్ జాబితాలోని రూల్స్‌ను పై నుంచి కిందికి పోల్చి చూస్తుంది. మొదట సరిపోయిన రూల్‌తో నిర్ణయం అయిపోతుంది. ఘటన రాయాలని తేలితే రికార్డులు కెర్నెల్ మెమరీలోని క్యూలో చేరతాయి. కెఆడిట్‌డి అనే కెర్నెల్ త్రెడ్ వాటిని నెట్‌లింక్ సాకెట్ మీదుగా ఆడిట్‌డికి అందిస్తుంది. అది డిస్క్ మీద రాసి, కావాలంటే ప్లగిన్ల ద్వారా వేరే మెషీన్‌కు పంపుతుంది. క్యూ, డిస్క్, రొటేషన్, ఈ మూడు చోట్ల తప్ప రికార్డు పోయే అవకాశం దాదాపు లేదు.

బూట్ నుంచే మొదలుపెట్టండి

ఆడిట్‌డి సర్వీసు లేచేసరికి వందల ప్రాసెస్‌లు పుట్టి ఉంటాయి. ఆడిట్ ఆన్ కాకముందు పుట్టిన ప్రాసెస్‌కు సందర్భం ఉండదు గనుక అది చేసే పనులు ఆ తర్వాత కూడా రూల్స్‌కు చిక్కవు. అందుకే కెర్నెల్ కమాండ్ లైన్‌లోనే ఈ రెండూ చేర్చాలి:

ఆడిట్=1 ఆడిట్_బ్యాక్‌లాగ్_లిమిట్=8192

ఉబుంటు, డెబియన్‌లలో ఈటీసీ కింద డిఫాల్ట్ ఫోల్డర్‌లోని గ్రబ్ ఫైల్‌లో గ్రబ్_సీఎండీలైన్_లినక్స్ వరసలో రాసి, అప్‌డేట్-గ్రబ్ నడపండి. రెడ్ హ్యాట్ కుటుంబంలో గ్రబ్బీ --అప్‌డేట్-కెర్నెల్=ఆల్ --ఆర్గ్స్ తో చేర్చండి (ఆల్ పెద్దక్షరాలు). రీబూట్ అయ్యాక ప్రాక్ కింద సీఎండీలైన్ ఫైల్ చదివి రెండూ ఎక్కాయో లేదో చూసుకోండి. గ్రబ్ ఫైల్ మార్చి అప్‌డేట్ నడపడం మరచిపోవడం మామూలే.

8192 అంటే మెమరీ ఎక్కువ తింటుందేమోనని జంకక్కర్లేదు. ఒక రికార్డు గరిష్ఠంగా 9 కేబీకి లోపే ఉంటుంది. క్యూ మొత్తం అంత పెద్ద రికార్డులతోనే నిండినా 75 ఎంబీ దాటదు. అసలు రికార్డులు చాలావరకు కొన్ని వందల బైట్లే.

ఎవరు చేశారు: ఏయూఐడీ

ఆడిట్ లాగ్‌లో అన్నిటికన్నా విలువైన ఫీల్డ్ ఇదే. మనిషి మొదట ఏ పేరుతో లాగిన్ అయ్యాడో ఆ యూజర్ నంబర్ ఏయూఐడీగా అతికిపోతుంది. తర్వాత సుడో కొట్టినా, ఎస్‌యూతో రూట్ అయినా యూఐడీ మారుతుంది గానీ ఏయూఐడీ మారదు. కింది రికార్డు చూడండి:

టైప్=సిస్‌కాల్ ఎంఎస్‌జీ=ఆడిట్(1760432417.382:9071): ఆర్చ్=సీ000003ఈ సిస్‌కాల్=257 సక్సెస్=ఎస్ ఎగ్జిట్=3 పీపీఐడీ=4410 పీఐడీ=4432 ఏయూఐడీ=1004 యూఐడీ=0 టీటీవై=పీటీఎస్2 సెస్=17 కామ్="విమ్" కీ="గుర్తింపు"

ఆడిట్ పక్కన బ్రాకెట్లో ఉన్న మొదటి సంఖ్య 1970 నుంచి లెక్కించిన సెకన్లు. మన గడియారంలో అది 2025 అక్టోబర్ 14, మధ్యాహ్నం 2:30:17. కోలన్ తర్వాతి 9071 ఘటన సంఖ్య. ఒకే ఘటనకు సిస్‌కాల్, సీడబ్ల్యూడీ, పాత్, ప్రాక్‌టైటిల్ అని నాలుగైదు రికార్డులు వస్తాయి. వాటిని కలిపి చదవడానికి ఆధారం ఈ సంఖ్యే. సీ000003ఈ అంటే 64 బిట్ ఇంటెల్ రకం, 257 అంటే ఓపెన్‌ఏటీ, ఎగ్జిట్ 3 అంటే ఫైల్ తెరుచుకుని 3 నంబర్ డిస్క్రిప్టర్ (తెరిచిన ఫైల్‌కు కెర్నెల్ ఇచ్చే గుర్తు సంఖ్య) వచ్చింది. యూఐడీ 0 కాబట్టి రూట్ హక్కులతో జరిగిన పని. చేసిన మనిషి మాత్రం 1004 నంబర్ యూజర్, 17వ సెషన్‌లో. ఏ ఫైలో తెలియాలంటే అదే 9071 సంఖ్యతో ఉన్న పాత్ రికార్డు చూడాలి.

ఇది నమ్మదగ్గదిగా ఉండాలంటే రెండు పనులు చేయాలి. ఈటీసీ కింద పామ్.డి ఫోల్డర్‌లో ఎస్‌ఎస్‌హెచ్‌డి, లాగిన్, క్రాండ్ ఫైళ్లలో పామ్_లాగిన్‌యూఐడీ మాడ్యూల్ (లాగిన్ సమయంలో ఏయూఐడీని అతికించేది) ఉండాలి; సుడో, ఎస్‌యూ ఫైళ్లలో ఉండకూడదు. అక్కడ ఉంటే సుడో కొట్టిన క్షణంలో అసలు మనిషి ఆనవాలు చెరిగిపోయే ప్రమాదం ఉంది. రెండోది, రూల్స్ ఫైల్‌లో --లాగిన్‌యూఐడీ-ఇమ్యూటబుల్ వరస చేర్చడం. దానితో ఒకసారి అతికిన ఏయూఐడీని రూట్ కూడా మార్చలేడు. కంటైనర్లు బాగా నడిపే మెషీన్‌లో కొన్ని లాగిన్లు దీనివల్ల విఫలం కావచ్చు, ముందు పరీక్షా మెషీన్‌లో చూసి పెట్టండి.

ల్యాబ్‌లో నలుగురు ఒకే అడ్మిన్ పాస్‌వర్డ్ వాడుతుంటే మాత్రం పైదంతా వృథా. ఏయూఐడీ అకౌంట్‌ను చూపిస్తుందే గానీ కుర్చీలో కూర్చున్న మనిషిని చూపించదు. ఒక్కొక్కరికి ఒక్కో అకౌంట్ ఇచ్చి, రూట్ పని సుడోతో చేయించాలి. ఈ విషయంలో రాజీ పడకండి.

రూల్స్

ఈటీసీ కింద ఆడిట్ ఫోల్డర్‌లోని రూల్స్.డి లో .రూల్స్ అని ముగిసే ఫైళ్లుగా రాయండి. ఆగ్‌జెన్‌రూల్స్ వాటిని సంఖ్యల వరసలో ఒకే ఫైల్‌గా కలుపుతుంది. 10తో మొదలయ్యేది పునాది, 20 వద్దనుకున్న చప్పుడు తీసేయడానికి, 30 అసలు రూల్స్, 99 తాళం. మొదట సరిపోయిన రూలే గెలుస్తుంది కాబట్టి నెవర్ రూల్స్ తప్పకుండా ఆల్వేస్ రూల్స్ కంటే ముందుండాలి.

10వ ఫైల్:

-డి (పెద్దక్షరం, పాత రూల్స్ తుడుస్తుంది)
-బి 8192
--బ్యాక్‌లాగ్_వెయిట్_టైమ్ 60000
-ఎఫ్ 1 (చిన్నక్షరం; రికార్డు పోతే ఏం చేయాలో చెబుతుంది)

చివరిదానికి 0 ఇస్తే కెర్నెల్ మౌనంగా ఊరుకుంటుంది, 1 ఇస్తే కెర్నెల్ లాగ్‌లో రాస్తుంది, 2 ఇస్తే మెషీన్‌ను పానిక్ చేసి ఆపేస్తుంది. రాత్రిపూట మనిషి లేని సర్వర్‌కు 2 పెట్టొద్దు. ఒక్క రద్దీ వేళ చాలు, తెల్లారేదాకా సేవ ఆగిపోతుంది.

ఇక 30వ ఫైల్. మొదట యూజర్ల, హక్కుల ఫైళ్లు:

-ఎ ఆల్వేస్,ఎగ్జిట్ -ఎఫ్ ఆర్చ్=బీ64 -ఎఫ్ పాత్=/ఈటీసీ/పాస్‌డబ్ల్యూడీ -ఎఫ్ పర్మ్=డబ్ల్యూఏ -కె గుర్తింపు

డబ్ల్యూ రాతకు, ఏ హక్కుల మార్పుకు. -కె తర్వాత ఉన్నది కీ, అంటే లాగ్‌లో వెతకడానికి మనం పెట్టుకునే పేరు. ఇదే రకంగా షాడో (పాస్‌వర్డ్‌ల ఫైల్), గ్రూప్, జీషాడో, సుడోయర్స్ ఫైళ్లకు రాయండి. సుడోయర్స్.డి, పామ్.డి, ఎస్‌ఎస్‌హెచ్, ఆడిట్ ఫోల్డర్లకు పాత్ బదులు డిర్ అని ఇవ్వాలి, అప్పుడు లోపలి సబ్‌ఫోల్డర్లూ వస్తాయి. ఆ ఫోల్డర్ కింద వేరే డిస్క్ మౌంట్ అయి ఉంటే దాని లోపలికి ఈ రూల్ పోదు, దానికి వేరే రూల్ కావాలి. దారిలో నక్షత్రం గుర్తు పనిచేయదు. -డబ్ల్యూ తో రాసే పాత పద్ధతి ఇంకా నడుస్తుంది గానీ అది ఆర్చ్ చెప్పదు కాబట్టి అన్ని సిస్‌కాల్స్ మీదా భారం వేస్తుంది. కొత్తగా రాసేవారు పై పద్ధతే వాడండి.

తర్వాత, మనుషులు రూట్ హక్కులతో నడిపిన ప్రతి ఆదేశం:

-ఎ ఆల్వేస్,ఎగ్జిట్ -ఎఫ్ ఆర్చ్=బీ64 -ఎస్ ఎగ్జెక్‌వీఈ,ఎగ్జెక్‌వీఈఏటీ -ఎఫ్ ఈయూఐడీ=0 -ఎఫ్ ఏయూఐడీ>=1000 -ఎఫ్ ఏయూఐడీ!=అన్‌సెట్ -కె రూట్‌పని

ఎగ్జెక్‌వీఈ అంటే ప్రోగ్రామ్ నడపమనే సిస్‌కాల్, ఈయూఐడీ అంటే అది ఏ యూజర్ హక్కులతో నడుస్తోందో ఆ నంబర్. ఇందులో ఏయూఐడీ!=అన్‌సెట్ అనే చివరి ఫీల్డ్ తీసేయొద్దు. లాగిన్ లేకుండా పుట్టిన సర్వీసులకు ఏయూఐడీ 4294967295 అని ఉంటుంది. అది 1000 కంటే పెద్దదే కాబట్టి మొదటి షరతు ఒక్కటే ఉంటే సర్వీసులన్నీ వచ్చి లాగ్‌ను ముంచేస్తాయి.

అయితే ఆ షరతుకు ఒక గుడ్డిమచ్చ ఉంది. వెబ్‌సైట్‌లోని లోపం పట్టుకుని లోపలికి వచ్చినవాడు లాగిన్ కాడు. అతని షెల్ వెబ్ సర్వర్ పిల్ల ప్రాసెస్‌గా పుడుతుంది, ఏయూఐడీ అన్‌సెట్. పై రూల్‌కు అతను కనిపించడు. కాలేజీ పోర్టల్, దుకాణం బిల్లింగ్ పేజీ, పీహెచ్‌పీలో రాసినవి ఏవున్నా ఈ రూల్ తప్పనిసరి:

-ఎ ఆల్వేస్,ఎగ్జిట్ -ఎఫ్ ఆర్చ్=బీ64 -ఎస్ ఎగ్జెక్‌వీఈ,ఎగ్జెక్‌వీఈఏటీ -ఎఫ్ యూఐడీ=33 -కె వెబ్‌షెల్

33 అనేది డెబియన్, ఉబుంటులలో వెబ్ యూజర్ నంబర్. రెడ్ హ్యాట్ కుటుంబంలో అపాచీకి 48. ఆరోగ్యంగా ఉన్న వెబ్ సర్వర్ బయటి ప్రోగ్రాములను పెద్దగా నడపదు. ఈ కీతో రోజుకు రెండు మూడు వరసలు, అవీ తెలిసినవే, వస్తుంటే సరే. హఠాత్తుగా ష్, కర్ల్, డబ్ల్యూగెట్, హూఆమ్‌ఐ లాంటివి కనిపిస్తే వెంటనే చూడాలి. ఇంకో సంగతి: అపాచీని సిస్టమ్‌సీటీఎల్‌తో కాకుండా టెర్మినల్‌లో నేరుగా సుడోతో లేపితే, ఆ అడ్మిన్ ఏయూఐడీ వెబ్ సర్వర్‌కు వారసత్వంగా వస్తుంది. ఆ తర్వాత దొంగ చేసిన పనులు కూడా ఆ అడ్మిన్ పేరు మీదే నమోదవుతాయి. సర్వీసులను ఎప్పుడూ సిస్టమ్‌డి ద్వారానే లేపండి.

నిరాకరించిన ప్రయత్నాలకు రెండు రూల్స్ కావాలి, ఒకటి ఎగ్జిట్=-ఈయాక్సెస్ తో, ఒకటి ఎగ్జిట్=-ఈపెర్మ్ తో (ఈ లోపాల పేర్లు పెద్దక్షరాల్లో). ఒకే రూల్‌లో రెండూ రాస్తే రెండూ ఒకేసారి నిజం కావాలని అర్థం, అది ఎన్నటికీ జరగదు. సిస్‌కాల్స్ జాబితాలో ఓపెన్, ఓపెన్‌ఏటీ, ఓపెన్‌ఏటీ2, క్రియాట్, ట్రంకేట్, ఎఫ్‌ట్రంకేట్, ఓపెన్_బై_హ్యాండిల్_ఏటీ చేర్చి, ఏయూఐడీ షరతులు రెండూ పెట్టండి. ల్యాబ్ మెషీన్‌లో కుతూహలంతో షాడో ఫైల్ చదవబోయిన పిల్లలు కూడా ఇందులో పడతారు. దాన్ని దాడిగా లెక్కించే ముందు సెషన్ మొత్తం చూడండి.

కెర్నెల్ మాడ్యూళ్లకు ఇనిట్_మాడ్యూల్, ఫినిట్_మాడ్యూల్, డిలీట్_మాడ్యూల్ ఒకే రూల్‌లో చాలు. గడియారం మార్పుకు అడ్‌జ్‌టైమెక్స్, సెట్‌టైమ్‌ఆఫ్‌డే, క్లాక్_సెట్‌టైమ్. గడియారాన్ని నెట్ సమయంతో కలిపే క్రోనీ సర్వీసు మాటిమాటికీ అడ్‌జ్‌టైమెక్స్ పిలుస్తుంది కాబట్టి దాని యూజర్‌కు 20వ ఫైల్‌లో ఒక నెవర్ రూల్ పెట్టాలి.

పైవాటిలో ప్రతి బీ64 రూల్‌కు బీ32 జంట రాయండి. సిస్‌కాల్ నంబర్లు రెండింటిలో వేరు. 64 బిట్ కెర్నెల్ మీద 32 బిట్ ప్రోగ్రామ్ నడిపితే బీ64 రూల్ దాన్ని చూడదు. దాడి చేసేవాళ్లకు ఇది పాత దారే.

కొత్త దారి ఐఓ_యూరింగ్. ఫైల్ తెరవడం, రాయడం వంటివి సిస్‌కాల్ లేకుండానే ఈ క్యూ ద్వారా కెర్నెల్‌తో చేయించుకోవచ్చు. అలాంటప్పుడు ఎగ్జిట్ జాబితాలోని సిస్‌కాల్ రూల్స్‌కు అవి చిక్కవు. 5.16 కెర్నెల్ నుంచి ఆడిట్‌లో ఐఓ_యూరింగ్ అనే వేరే జాబితా వచ్చింది, -ఎ ఆల్వేస్,ఐఓ_యూరింగ్ అని రాయవచ్చు. మీ సర్వర్‌లో ఏ అప్లికేషనూ దీన్ని వాడకపోతే 6.6 నుంచి అందుబాటులో ఉన్న కెర్నెల్.ఐఓ_యూరింగ్_డిజేబుల్డ్ సిస్‌కంట్రోల్‌కు 2 ఇచ్చి పూర్తిగా మూసేయడం మేలు.

చప్పుడు తగ్గించేటప్పుడు చాలామంది సీడబ్ల్యూడీ రికార్డులను ఎక్స్‌క్లూడ్ చేస్తారు. చేయొద్దు. ప్రోగ్రామ్ ఫైల్ పేరును పూర్తి దారి లేకుండా ఇచ్చినప్పుడు అది ఏ ఫోల్డర్‌లోదో తేల్చేది సీడబ్ల్యూడీ ఒక్కటే. తీసేయాలంటే ఎస్‌ఎస్‌హెచ్ ప్రతి కనెక్షన్‌కు రాసే క్రిప్టో_కీ_యూజర్ రికార్డులు తీసేయండి, నష్టం తక్కువ. రూల్స్ సంఖ్య కూడా వేగానికి ముఖ్యం: ఫీల్డ్‌లు ఒకటే అయిన సిస్‌కాల్స్‌ను వేర్వేరు రూల్స్‌గా కాక కామాలతో ఒకే రూల్‌లో కలపండి.

ఎక్కించడానికి ఆగ్‌జెన్‌రూల్స్ --లోడ్. ఒక వరసలో తప్పుంటే అక్కడే ఆగిపోయి దాని కిందివి ఎక్కవు. ప్రతిసారీ ఆడిట్‌సీటీఎల్ -ఎల్ తో చివరి రూల్ దాకా వచ్చిందో లేదో చూడాలి.

క్యూ నిండితే ఏమవుతుంది

కెర్నెల్ లాగ్‌లో ఆడిట్: బ్యాక్‌లాగ్ లిమిట్ ఎక్సీడెడ్ అని కనిపిస్తే ఉత్పత్తి అవుతున్న వేగంతో ఆడిట్‌డి రాయలేకపోతోందని అర్థం. క్యూ నిండినప్పుడు ఘటన పుట్టించిన ప్రాసెస్‌ను బ్యాక్‌లాగ్_వెయిట్_టైమ్ మేరకు కెర్నెల్ ఆపుతుంది. అప్పటికీ చోటు దొరక్కపోతే రికార్డు వదిలేసి లాస్ట్ సంఖ్య పెంచుతుంది. సర్వర్ బిగుసుకుపోయినట్టు, ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ కూడా నత్తనడకలా అనిపించేది ఈ ఆపడం వల్లే. దాన్ని 0 చేస్తే నడక సాఫీగా ఉంటుంది, రికార్డులు మాత్రం పోతాయి. 5.9 కెర్నెల్ నుంచి బ్యాక్‌లాగ్_వెయిట్_టైమ్_యాక్చువల్ అనే వరసలో ప్రాసెస్‌లు మొత్తం ఎంత ఆగాయో కనిపిస్తుంది. అది పెరుగుతూ ఉంటే క్యూ పెంచే ముందు రూల్స్ చూడండి. ఆరిపోర్ట్ -కె --సమ్మరీ ఏ కీకి ఎన్ని ఘటనలో చెబుతుంది. దాదాపు ఎప్పుడూ ఒకే ఒక్క విశాలమైన రూల్, లేదా రాత్రి బ్యాకప్ స్క్రిప్ట్, సగానికి పైగా వరసలు పుట్టిస్తూ ఉంటుంది. దాన్ని సరిచేశాక ఆడిట్‌సీటీఎల్ --రీసెట్-లాస్ట్ కొట్టి మరుసటి రోజు మళ్లీ చూడండి.

డిస్క్, కరెంటు, గడియారం

ఆడిట్‌డి.కాన్ఫ్‌లో మామూలుగా వచ్చేవి మ్యాక్స్_లాగ్_ఫైల్ 8 ఎంబీ, నమ్_లాగ్స్ 5. అంటే మొత్తం 40 ఎంబీ. బతుకమ్మ, దసరా సెలవులకు ఆఫీసు మూసి వెళ్లి వచ్చేసరికి సెలవుల ముందు జరిగింది ఒక్క వరస కూడా మిగలకపోవచ్చు. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం సర్వీస్ ప్రొవైడర్లు, డేటా సెంటర్లు, కంపెనీలు, ప్రభుత్వ సంస్థలు లాగ్‌లను 180 రోజులు దేశం లోపలే దాచాలి, సైబర్ ఘటనను గుర్తించిన 6 గంటల్లో తెలపాలి. లెక్క తేలికే: మామూలు పని రోజు ఒకటి ముగిశాక లాగ్ ఫోల్డర్ ఎంత పెరిగిందో చూడండి. 120 ఎంబీ అయితే 180 రోజులకు 21.6 జీబీ. సీజన్‌లో మార్కెట్ లెక్కల సర్వర్ రెట్టింపు రాస్తుంది కాబట్టి దానికి తగ్గట్టు ఉంచుకోండి. పాత ఫైళ్లు కంప్రెస్ చేస్తే చాలా చిన్నవవుతాయి.

ఈ 180 రోజులనూ సర్వర్ మీదే నమ్_లాగ్స్ పెంచి దాచొద్దు. ప్రతి రొటేషన్‌కు ఫైళ్లన్నింటి పేర్లూ ఒక్కోటి జరపాలి, ఆ కాసేపు క్యూ నిండుతుంది. స్థానికంగా మ్యాక్స్_లాగ్_ఫైల్ 50, నమ్_లాగ్స్ 20 పెట్టి, పాతవాటిని రోజూ వేరే మెషీన్‌కు తీసుకెళ్లండి. వార్ కింద లాగ్ లోపలి ఆడిట్ ఫోల్డర్‌కు వేరే పార్టిషన్ ఇవ్వండి, లేకపోతే ఎవరో కుప్పగా వేసిన వీడియోలు డిస్క్ నింపినా ఆడిట్ ఆగిపోతుంది. డిస్క్_ఫుల్_యాక్షన్‌కు డిఫాల్ట్ సస్పెండ్: మెషీన్ నడుస్తూనే ఉంటుంది, రాయడం మాత్రం ఆగిపోతుంది, ఎవరికీ తెలియదు. అందుకే ఖాళీ చోటు ఎంతకు తగ్గితే హెచ్చరించాలో చెప్పే స్పేస్_లెఫ్ట్ ను పార్టిషన్‌లో నాలుగో వంతుకు పెంచి, స్పేస్_లెఫ్ట్_యాక్షన్‌కు ఈమెయిల్ ఇచ్చి, ఆ మెషీన్ నుంచి మెయిల్ నిజంగా వెళ్తుందో లేదో ఒకసారి పంపి చూడండి.

ఫ్లష్ డిఫాల్ట్ ఇంక్రిమెంటల్_అసింక్, ఫ్రీక్ 50. అంటే యాభై రికార్డులకోసారి డిస్క్ మీదికి నెడుతుంది. ఎండాకాలం గాలివానకు కరెంటు పోయి, యూపీఎస్ బ్యాటరీ కూడా చేతులెత్తేస్తే చివరి కొన్ని రికార్డులు పోతాయి. యూపీఎస్ మీద నమ్మకం లేని చోట ఫ్లష్‌ను డేటా చేయండి. హార్డ్ డిస్క్ పాతదైతే నెమ్మదిస్తుంది, ఎస్ఎస్‌డీ మీద పెద్ద తేడా తెలియదు.

కరెంటు పోయి వచ్చాక ఇంకో చిక్కు గడియారం. మదర్‌బోర్డు మీది సీఎంఓఎస్ బ్యాటరీ అయిపోయిన పాత మెషీన్ ఏళ్ల వెనక్కి వెళ్లి లేస్తుంది. క్రోనీ సరిచేసేలోపు పడిన రికార్డులన్నీ తప్పు తేదీతో ఉంటాయి, తేదీతో వెతికితే దొరకవు. బ్యాటరీ మార్చండి. క్రోనీలో మేక్‌స్టెప్ 1 3 ఉంచి, ఎన్ఐసీ (జాతీయ సమాచార కేంద్రం) వారి సమయ్1.ఎన్ఐసీ.ఇన్, సమయ్2.ఎన్ఐసీ.ఇన్ సర్వర్లను ఇవ్వండి. ఎన్ఐసీ లేదా ఎన్‌పీఎల్ (జాతీయ భౌతిక ప్రయోగశాల) సమయానికి కలపాలన్నది కూడా ఆ 2022 ఆదేశాల్లోనే ఉంది.

అదే ఫైల్‌లో లాగ్_ఫార్మాట్ ఎన్‌రిచ్డ్, నేమ్_ఫార్మాట్ హోస్ట్‌నేమ్ చేయండి. ఎన్‌రిచ్డ్ అయితే యూఐడీ పక్కన ఆనాటి యూజర్ పేరు కూడా నమోదవుతుంది. కోర్సు ముగిసి వెళ్లిన పిల్లల అకౌంట్లు తీసేశాక 1004 ఎవరో చెప్పేది అదొక్కటే. మార్చిన కాన్ఫ్ అందుకోవడానికి రెడ్ హ్యాట్ కుటుంబంలో సిస్టమ్‌సీటీఎల్ రీస్టార్ట్ ఒప్పుకోదు. సర్వీస్ ఆడిట్‌డి రీలోడ్ వాడండి.

వేరే మెషీన్‌కు పంపడం

రూట్ చేజిక్కించుకున్నవాడు మొదట చేసే పని లాగ్ తుడవడం. కాబట్టి ఒక ప్రతి ఎప్పటికప్పుడు బయట ఉండాలి. ఆడిస్ప్-రిమోట్ ప్లగిన్ వేసి, రిమోట్_సర్వర్ చిరునామా, పోర్ట్ 60, మోడ్=ఫార్వర్డ్ ఇవ్వండి. ఫార్వర్డ్ మోడ్‌లో లింకు తెగినప్పుడు రికార్డులు స్థానిక క్యూ ఫైల్‌లో ఆగి, లింకు వచ్చాక వెళ్తాయి. అవతలి మెషీన్‌లో ఆడిట్‌డి.కాన్ఫ్‌లో టీసీపీ_లిజన్_పోర్ట్=60 పెట్టి, ఫైర్‌వాల్‌లో మీ సర్వర్ల చిరునామాలకే తెరవండి. ఈ రవాణాకు కెర్బరోస్ (గుర్తింపు సరిచూసి, డేటాను గుప్తంగా పంపే ఏర్పాటు) పెట్టకపోతే దారిలో అంతా తెరిచి ఉన్నట్టే, ఊరు దాటి పంపేటట్టయితే వీపీఎన్ లోంచి పంపాలి. లాగ్‌లో రహస్యాలు ఉండవనుకోవద్దు: ఎవరైనా పాస్‌వర్డ్‌ను కమాండ్ లైన్‌లోనే కొడితే ఎగ్జెక్‌వీఈ రికార్డులో అది ఉన్నదున్నట్టు పడుతుంది. ఆ లాగ్ సర్వర్ అడ్మిన్ హక్కులు అసలు సర్వర్ అడ్మిన్లకు ఇవ్వకపోవడం మంచిది.

తాళం వేసి పరీక్షించండి

అన్నీ కుదిరాక 99వ ఫైల్‌లో -ఇ 2 (చిన్నక్షరం) ఒక్క వరస. ఇక రీబూట్ దాకా రూల్స్‌ను రూట్ కూడా మార్చలేడు. ప్రయత్నిస్తే అది కూడా కాన్ఫిగ్_చేంజ్ రికార్డుగా పడుతుంది. కొత్త రూల్స్‌ను కనీసం వారం రోజులు తాళం లేకుండా నడిపి చూశాకే ఇది చేర్చండి.

పరీక్ష కోసం మామూలు యూజర్‌తో లాగిన్ అయి క్యాట్‌తో షాడో ఫైల్ చదవబోండి, సుడోతో ఒక ఉత్తుత్తి యూజర్‌ను చేర్చి తీసేయండి, సుడో -యూ తో వెబ్ యూజర్‌గా ఐడీ ఆదేశం నడపండి. తర్వాత ఆసెర్చ్ -టీఎస్ రీసెంట్ -కె వెబ్‌షెల్ -ఐ అని ఒక్కో కీకి వెతకండి. చివరి -ఐ సంఖ్యలను పేర్లుగా, హెక్స్‌లో ఉన్న ఫైల్ పేర్లను చదవగలిగే అక్షరాలుగా మారుస్తుంది. ఖాళీలు, వింత అక్షరాలు ఉన్న పేర్లను కెర్నెల్ కావాలనే హెక్స్‌లో రాస్తుంది, లాగ్‌లోకి దొంగ వరసలు చొప్పించకుండా. ఏదైనా కీ ఖాళీగా వస్తే నెవర్ రూల్ ముందే మింగేసిందా, ఆర్చ్ జంట తప్పిందా చూడండి. డాకర్ కంటైనర్ లోపల చేసిన పరీక్ష అయితే హోస్ట్ లాగ్‌లోనే వెతకాలి. ఆడిట్ కెర్నెల్ మొత్తానికి ఒకటే, కంటైనర్‌కు వేరేగా ఉండదు.

రోజూ చూడాల్సింది కొద్దే: ఆడిట్‌సీటీఎల్ -ఎస్ లో లాస్ట్, ఆరిపోర్ట్ -కె --సమ్మరీ, వెబ్‌షెల్ కీ, కాన్ఫిగ్_చేంజ్ రికార్డులు. క్రాన్‌లో పెట్టి పొద్దున మెయిల్‌కు వచ్చేలా చేసుకుంటే ఐదు నిమిషాల పని.

నిజంగా ఏదో జరిగిందని అనుమానం వస్తే సర్వర్‌ను వెంటనే రీబూట్ చేయకండి. ముందు లాగ్ ఫోల్డర్ మొత్తాన్ని బయటి డిస్క్‌లోకి కాపీ చేసి, షా256సమ్ (ఫైల్ తర్వాత మారలేదని చూపే సంఖ్య) తీసి ఆ సంఖ్యలను వేరే చోట రాసి పెట్టండి. అనుమానం ఉన్న సెషన్ నంబర్ తీసుకుని ఆసెర్చ్ --సెషన్ 17 -ఐ అని కొడితే ఆ మనిషి లాగిన్ అయినప్పటి నుంచి వెళ్లేదాకా మీ రూల్స్ పట్టినవన్నీ వరసగా వస్తాయి. సెర్ట్-ఇన్‌కు ఇచ్చే నివేదికకు మొదటి ఆధారం అదే, 6 గంటల గడువు మాత్రం మీరు గుర్తించిన క్షణం నుంచే నడుస్తూ ఉంటుంది.